యా రఫీఖ్

ఆ ఏడాది నా మీద పన్ను పడింది. ఇంటి మీదో, కారు మీదో పడితే సర్దుకుపోయేవాణ్ణి. పడింది అచ్చంగా నా ఒంటి మీద. 2017 జూలై నుంచి సౌదీలో ఉద్యోగం చేసే పరాయి దేశస్తులు తమ వెంట ఉన్న కుటుంబానికి తలకింత అని నెలనెలా కట్టాలన్నారు. మా ఇంట్లో ఉద్యోగం ఆస్మాది. వెంట ఉన్నవాణ్ణి నేను. నా ఇఖామాలో, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డులో, వృత్తి అన్నచోట 'మురాఫిఖ్' అని ఉండేది, అంటే తోడు వచ్చినవాడు అని. దాని కిందే, ఇతనికి పని చేసే అనుమతి లేదు అని కూడా ఉండేది.

ఆస్మా ఖమీస్ ముషైత్‌లో ఆడపిల్లల కాలేజీలో సోషియాలజీ చెప్పేది. ఆ రోజుల్లో ఆడ లెక్చరర్ అక్కడికి ఒంటరిగా రావడానికి వీల్లేదు. మహరమ్ కావాలి, అంటే తండ్రో, అన్నో, మొగుడో. ప్రొద్దుటూరులో నా ఫోటో స్టూడియోకి తాళం వేసి నేను మహరమ్‌గా వచ్చాను. వంట నేర్చుకున్నాను. కూతురు ఇస్మత్‌ను బడికి తీసుకుపోయేవాణ్ణి. ఆడవాళ్ళు కారు నడపకూడదు కాబట్టి ఆస్మాను కాలేజీ గేటు దగ్గర దింపి, మధ్యాహ్నం మళ్ళీ ఎక్కించుకునేవాణ్ణి. మీ అల్లుడు సౌదీలో ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే మా అత్త ఖాజాబీ "పెద్ద ఆఫీసులో ఉండాడు" అని చెప్పేదట. ఆ ఆఫీసులో గ్యాస్ పొయ్యి, రెండు కుక్కర్లు ఉండేవి.

ఇక ఆస్మా చదువు. మనిషి పుట్టిన దేశాన్ని, ఒంటి రంగును చూసి అతనికి ఏ పని ఇస్తారు, ఆ పనిలో ఎంతవరకు ఎదగనిస్తారు అన్నది ఆమె పరిశోధన. హైదరాబాదులో చేసిన డాక్టరేటు దాని మీదే, ఆ తర్వాత రాసిన ప్రతి వ్యాసమూ దాని మీదే. ఖమీస్‌లో అది వీధిలోకి వస్తే చాలు కనిపించేది. బరువు మోసేది నిజామాబాద్, కరీంనగర్ మనుషులు, ఊడ్చేది బంగ్లాదేశ్ వాళ్ళు, కౌంటర్ దగ్గర నవ్వాల్సింది ఫిలిప్పీన్స్ పిల్లలు, చివర సంతకం పెట్టేది తెల్లవాడు. పాస్‌పోర్టు చూసి చేతికి చీపురు ఇవ్వాలా, పెన్ను ఇవ్వాలా తేల్చేస్తారు. అంతదాకా ఎందుకు, ఆమె కాలేజీలోనే, ఎం.ఏ. మాత్రమే చదివిన కెనడా లెక్చరర్‌ను అందరూ 'డాక్టర్' అనేవారు. డాక్టరేటు చేసిన మా ఆస్మాను, ఆస్పత్రిలో నర్సును పిలిచినట్టు, 'సిస్టర్' అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆమె మాత్రం ఇంటికొచ్చి రాసుకునేది.

నితాఖాత్ వచ్చి అప్పటికే ఆరేళ్ళు. సౌదీ వాళ్ళను ఎంతమందిని పెట్టుకున్నారో చూసి కంపెనీలకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వేసే పద్ధతి అది. ఆ చలికాలం చివర్లో, మా ప్రాంతంలో పనిచేసే చోట్లు ఎలా ఉన్నాయో చూసి ఏం మార్చాలో చెప్పమని ఒక కమిటీ వేశారు. ఆడవాళ్ళ వైపు నుంచి డీన్ డాక్టర్ నవాల్ ఆస్మా పేరు ఇచ్చింది. ఆ రోజు ఆస్మా కారెక్కుతూనే నా భుజం మీద ఒకటి చరిచింది.

"ఇన్నేండ్లు రాసింది అంతా అల్మారాల్లో పోయి కూర్చునింది. ఇది ఆర్డరు అయ్యే రకం. ఎవురో ఒకరి బతుకు మారుతాది."

తీరా చూస్తే ఒక చిక్కు ఉంది. ఆమె మాట్లాడాల్సింది మగవాళ్ళతో. వాళ్ళ క్యాంపులకు, వాళ్ళు కూర్చునే టీ అంగళ్ళకు ఆడమనిషి పోయే దారి లేదు.

"నువ్వు పో," అంది.

"నేనా? నా కార్డు మీద ఏముందో చూసినావా? పని చేసేదానికి లేదు."

"జీతం ఇచ్చేది లేదులే. జీతం లేకపోతే అది పనే కాదు. ఇంట్లో నువ్వు చేస్తాండేది అంతేగదా."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. ఆ శుక్రవారమే బయల్దేరాను.

ఆస్మా ఇచ్చినవి రెండే ప్రశ్నలు. ఇక్కడ నిన్ను ఏమని పిలుస్తారు? మీ ఇంట్లో ఏమని పిలుస్తారు? శుక్రవారం సెలవు కాబట్టి మనవాళ్ళు ఖమీస్ బజారులో కూరగాయల సందు దగ్గర గుంపులుగా నిలబడతారు. ఫోటోలు తీసేవాడికి మనుషులను మాటల్లో పెట్టడం అలవాటే, నేనూ పోయి నిలబడేవాణ్ణి. వాళ్ళు సరేనంటే ఫోన్లో రికార్డు చేసేవాణ్ణి. మొదటి ప్రశ్నకు అందరిదీ ఒకటే జవాబు, రఫీఖ్. 'యా రఫీఖ్', అంటే ఓ రఫీఖ్, అని కేకేస్తారు. కొందరిని 'హిందీ', అంటే ఇండియావాడా, అనేవారు. ఇంట్లో ఏమని పిలుస్తారు అనగానే మాత్రం మనుషులు నవ్వేవారు, సిగ్గుపడేవారు, కొంచెం నిటారుగా నిలబడేవారు.

అక్కడే హన్మాండ్లు దొరికాడు. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటాయి. మగవాళ్ళ కాలేజీ మీటింగు హాల్లో టీ ఇచ్చే పని.

"ఏమని పిలుస్తరు అర్షద్ భాయ్, రఫీఖ్ అంటరు. నన్ను రఫీఖే అంటరు, ఊడ్సెటోన్ని రఫీఖే అంటరు. ఇద్దరం ఒక్కపారే ఉరుకుతం."

"మరి ఇంట్లో?"

"ఇంట్ల మా సీతాబాయి 'ఓ గంగ నాయినా' అంటది. బిడ్డ పేరు గంగ. రూములోల్లు అన్న అంటరు. పేరు పెట్టి పిల్సెటిది మా అవ్వ ఒక్కతే ఉండె. 'హన్మాండ్లూ' అని గింత పొడుగు తీస్తుండె. పోయిన ఏడు పోయింది." కాసేపు బజారు వైపు చూసి అన్నాడు, "ఇగ నా పేరు పాసుపోర్టుల ఉన్నది."

ఆ రికార్డింగు ఇంట్లో పెట్టినప్పుడు ఆస్మా ఒకసారి విని ఊరుకోలేదు. మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంది. కమిటీ కోసం రాస్తున్న రిపోర్టులో నాలుగో అధ్యాయం అలా పుట్టింది. దానికి 'రఫీఖ్' అనే పేరు పెట్టింది. పేరు లేనివాడికి పై మెట్టు ఉండదు, ఇవాళ వీడు కాకపోతే ఇంకో రఫీఖ్ వస్తాడు కాబట్టి వాడికి పని నేర్పరు, వాడి నైపుణ్యం గుర్తించరు అని వాదించింది. ప్రతి పనివాడి మెడలో అతని పేరు ఉండాలని, ఆ పేరుతోనే పిలవాలని సలహా రాసింది. వినడానికి చిన్న కోరికే. కానీ ఆ ఊళ్ళో అంతకంటే పెద్ద కోరిక ఇంకోటి లేదని నాకు అప్పుడే అనిపించింది.

నాకో దురద ఉంది, ఎవరైనా గంభీరంగా ఉంటే గిచ్చాలనిపిస్తుంది.

"ఊర్లో అందరి పేర్లూ రాస్తాండావే, పెండ్లయి పదమూడేండ్లయింది, నా పేరు ఒక్కసారన్నా పలికినావా? 'ఇదో' అంటావు, 'ఏమప్పా' అంటావు. నేను గూడా రఫీఖే గదా."

"మొగుని పేరు పలికితే ఆయుష్షు తగ్గుతాదని మాయమ్మ చెప్పింది."

"సోషియాలజీ చదివినావు గదమ్మా."

"చదివితే? నీ ఆయుష్షు మీద ప్రయోగం చేసి చూడమంటావా?" అని నవ్వి మళ్ళీ లాప్‌టాప్‌లో తల దూర్చింది. మేము ఇంట్లో తెలుగే మాట్లాడుకునే దూదేకుల వాళ్ళం. ఎన్ని డిగ్రీలు తెచ్చుకున్నా ఆ ఒక్క కట్టుబాటు ఆమె నాలుకను వదల్లేదు.

రంజాన్ వెళ్ళింది, పండగ వెళ్ళింది, పన్ను మొదలైంది. మా బిల్డింగు మెట్ల మీద రోజూ ఎవరిదో ఒకరి సోఫా దిగుతూ ఉండేది. భార్యాపిల్లలను ఇండియా పంపి మగవాళ్ళు మళ్ళీ గదుల్లో సర్దుకుంటున్నారు. మేమింకా తట్టుకుంటున్నాం, ఎందుకంటే ఆస్మా కాంట్రాక్టు ఆ నెలలోనే ఇంకో రెండేళ్ళకు పొడిగించాలి. సరిగ్గా అప్పుడు డాక్టర్ నవాల్ ఆమెను పిలిచి మాట్లాడింది. ఆవిడ మంచి మనిషి, డొంకతిరుగుడు తెలియదు. నాలుగో అధ్యాయం రియాద్ నుంచి వచ్చే అధ్యక్షుడికి నచ్చలేదు, మిగతా రిపోర్టు అంతా బాగుందట, అది ఒక్కటి తీసేస్తే కాంట్రాక్టుకు ఏ అడ్డూ ఉండదు, ఉంచితే నేను హామీ ఇవ్వలేను అని ముఖం మీదే చెప్పింది.

ఆ సాయంత్రం ఆస్మా బాల్కనీలో నిలబడి పొగమంచు వైపు చూస్తూ ఉంది. ఖమీస్ కొండల మీది ఊరు, అక్కడ ఎండాకాలం కూడా పొగమంచు దిగుతుంది.

"కంపెనీలకు రంగులేసి ఆ రంగు చూసి తీర్పు చెప్తారు. మనుషుల రంగు మాట ఎత్తితే మాత్రం రిపోర్టు పాడైపోతాదంట," అంది. "ఏం చేద్దామప్పా?"

నాకు భయంగానే ఉంది. ఇస్మత్ బడి మధ్యలో ఉంది. నా స్టూడియోలో ఇప్పుడు ఎవడో సెల్ ఫోన్లు అమ్ముతున్నాడు. అయినా నా చెవుల్లో హన్మాండ్లు గొంతు ఉంది.

"నా కష్టం గూడా ఉంది దాంట్లో. తీసేస్తే ఊరుకోను," అన్నాను.

"అయితే ఉంటాది," అంది ఆస్మా. అంతటితో ఆ సంగతి తేలిపోయింది.

రియాద్ ఆఫీసర్లకు ఎండాకాలం రాగానే మా కొండల మీద మీటింగులు గుర్తొస్తాయి. ఊరు చల్లగా ఉంటుంది, కుటుంబాలను కూడా తెచ్చుకోవచ్చు. జూలై చివర్లో మగవాళ్ళ కాలేజీ హాల్లో కూర్చున్నారు. ఆడ సభ్యులు తమ భవనంలో కూర్చుని మైకులో మాట్లాడతారు, వాళ్ళ గొంతులు ఇటు హాలు పైకప్పులోని స్పీకర్ల నుంచి వస్తాయి, హాల్లో మాటలు అటు వినిపిస్తాయి. ఆస్మా మహరమ్‌ను కాబట్టి మర్యాదకు నన్ను చివరి వరుసలో కూర్చోబెట్టారు. హన్మాండ్లు తెల్ల చొక్కా వేసుకుని మూల టీ బల్ల దగ్గర ఉన్నాడు. నన్ను చూసి కళ్ళతోనే పలకరించాడు.

అధ్యక్షుడు పెద్దాయన, మాట మెత్తన. మూడు అధ్యాయాలను మెచ్చుకున్నాడు. నాలుగోదాని దగ్గర కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"సిస్టర్ ఆస్మా, ఇది అక్కర్లేదు. రఫీఖ్ అంటే స్నేహితుడు. మా పనివాళ్ళను మేం స్నేహితుడా అని పిలుచుకుంటాం. ఇంతకంటే మంచి మాట ఏ భాషలో ఉంది? మీకు అరబీ తెలియక ఇందులో అవమానం కనిపించింది."

నలుగురు తలలూపారు. పైకప్పు నుంచి ఆస్మా గొంతు వచ్చింది, శుభ్రమైన అరబీలో, తొందర లేకుండా.

"మీరు చెప్పింది నిజం. చాలా మంచి మాట. మీ ప్రశ్నకు నా జవాబు ఇదీ, యా రఫీఖ్."

"ఐవా, ముదీర్," అంటే వచ్చె సార్ అని, అలవాటు కొద్దీ పలుకుతూ మూల నుంచి హన్మాండ్లు ట్రే పట్టుకుని పరుగున వచ్చాడు. హాలు నడిమికి వచ్చి ఆగిపోయాడు. పిలిచింది ఎవరో తెలియక ఒక్కో ముఖమే చూశాడు. ఎవరో కిసుక్కుమన్నారు, అంతలోనే ఊరుకున్నారు. అధ్యక్షుడి చేయి కళ్ళద్దాల మీద ఉంది, వాటిని పెట్టుకోలేదు.

ఆ గొంతును రికార్డింగులో ఆస్మా ఎన్నిసార్లు విందని. ఈసారి తెలుగులో అంది, "నిన్ను కాదు హన్మాండ్లన్నా. ఆ పెద్దాయన్ని పిలిచినా." మళ్ళీ అరబీలోకి తిరిగి, "ఆ మాట అందరిదీ అయితే, మీ హాల్లో పలికింది ఈయనొక్కడే ఎందుకో కమిటీ ఆలోచించాలి," అంది.

హన్మాండ్లు వెనక్కి పోకుండా అక్కడే నిలబడ్డాడు. నాకు అప్పుడు ఛాతీ నిండా గాలి పీల్చుకున్నట్టు అనిపించింది, నిజం చెప్పాలంటే కుర్చీ ఎక్కి అరవాలనిపించింది.

అధ్యక్షుడి మెత్తదనం పోయింది. "ఇంతమందితో ఎవరు మాట్లాడారు? మీరు ఆడవారు. మగవాళ్ళ మధ్యకు మీరే వెళ్ళి ఉంటే అది తప్పు. వెళ్ళకపోతే ఇదంతా మీరు కూర్చుని కల్పించింది. ఎవరు అడిగారో పేరు చెప్పండి, లేదా అధ్యాయం వెనక్కి తీసుకోండి."

"ఆ పేరు నేను చెప్పను," అంది ఆస్మా.

కట్టుబాటు వల్ల కాదని నాకు తెలుసు. నా కార్డు మీద రాసి ఉన్న ఆ వాక్యం నుంచి నన్ను కాపాడుతోంది. కాపాడితే అధ్యాయం పోతుంది. బజారులో నిలబడి నాకు తమ ఇంటి పిలుపులు చెప్పిన వాళ్ళందరూ అబద్ధం అయిపోతారు. హాల్లో ఎవరూ నా వైపు చూడటం లేదు. అసలు ఇన్నేళ్ళలో ఆ దేశంలో ఎవరూ నా వైపు చూసింది లేదు. లేచి నిలబడ్డాను.

"నేను అడిగాను," అన్నాను, నాకొచ్చిన అరబీలో.

"నువ్వెవరు?"

"షేక్ అర్షద్. ప్రొద్దుటూరు."

"నీ ఇఖామాలో వృత్తి?"

"మురాఫిఖ్."

"మురాఫిఖ్ పని చేయకూడదని తెలుసా?"

"తెలుసు. రికార్డింగులు నా దగ్గర ఉన్నాయి. ఒక్కొక్కరి పేరూ చెప్పగలను. వినే ఓపిక ఉంటే ఇప్పుడే మొదలుపెడతాను."

అప్పుడు పైకప్పు నుంచి వచ్చింది. "అర్షద్."

కూర్చో అని కాదు, వద్దు అని కాదు. ఊరికే పేరు. ఆ మూడు అక్షరాలు ఆమె నోట్లో ఎలా ఉంటాయో నాకు అప్పటిదాకా తెలియదు. వెంటనే అరబీలో అందరికీ చెప్పింది. "సెక్రటరీ గారు రాసుకోవాలి. షేక్ అర్షద్. ఈ అధ్యాయం ఆయనదీ నాదీ."

సెక్రటరీ అధ్యక్షుడి వైపు చూశాడు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని "రాసుకో" అన్నాడు. కేసు పెట్టడానికో, రిపోర్టులో వేయడానికో ఆ మాటలో తెలియలేదు. సెక్రటరీ నా దగ్గరికి వచ్చి స్పెల్లింగ్ అడిగాడు. ఒక్కో అక్షరం నిదానంగా చెప్పాను.

ఆడవాళ్ళ గేటు దగ్గర కారు ఆపాను. ఆస్మా ఎక్కి తలుపు వేసింది. సందు మలుపు తిరిగాక నేనే అన్నాను, "నా ఆయుష్షు తగ్గించినావు."

"మన సౌదీ ఆయుష్షు తగ్గింది. నీది కాదు," అంది. ఆ తర్వాత ముఖం అటు తిప్పుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నా చేయి గట్టిగా పట్టుకుంది. గేర్ మార్చడానికి కూడా వదల్లేదు.

డాక్టర్ నవాల్ ఆస్మాకు ఫోన్ చేసింది. కేసు ఏమీ ఉండదు, ఆ మాట తాను అధ్యక్షుడితోనే అనిపించానంది. కాంట్రాక్టు మాత్రం పొడిగించరు. "అధ్యాయం తీసేయమని ఆయన చెప్పలేదు, ఉంచమనీ చెప్పలేదు," అందట. "నేను ఆగలేదు. మీ ఇద్దరి పేర్లతో పంపేశాను."

ఈసారి మెట్ల మీద దిగింది మా సోఫా. ఇస్మత్ ఒక రోజంతా నాతో మాట్లాడలేదు. మరుసటి రోజు వచ్చి, హాల్లో లేచి నిలబడినప్పుడు భయమేసిందా నాయనా అని అడిగింది. వేసిందని చెప్పాను. సామాను సర్దడానికి వచ్చి పక్కన కూర్చుంది. పాస్‌పోర్టుల మీద ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక తిరిగి రామన్న ముద్ర, కొట్టించుకుని సెప్టెంబరులో వచ్చేశాం.

ఆస్మా ఇప్పుడు హైదరాబాదులో ఉంది, నేనూ ఆమె వెంటే. గల్ఫ్ పనివాళ్ళ గురించి ఎక్కడ కమిటీ వేసినా ఈమెను పిలుస్తారు. పిలిచాక, ఎందుకు పిలిచామా అని కొంచెం బాధపడతారు కూడా. ఆమె పరిశోధనల్లో రెండో పేరు నాది. ఇంట్లో నన్ను పేరు పెట్టే పిలుస్తుంది, మా అత్త ఎదురుగా కూడా. నా ఆరోగ్యం బాగానే ఉంది.

వచ్చేసిన ఏడాదిన్నరకు హన్మాండ్లు ఫోన్ చేశాడు. స్పీకర్ ఆన్ చేసి ఆస్మాను పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"అర్షద్ భాయ్, మాకు మెడలకు బిల్లలిచ్చిండ్రు. పేరు రాసున్నది. కాలేజీల పనిచేసెటోల్లను పేరుతోనే పిల్వాల్నని ఆర్డరచ్చిందట."

ఆస్మా నా మోకాలు పట్టుకుంది.

"పిలుస్తాండారా మరి?" అని అడిగాను.

"అందరు పిలుస్తలేరు. మర్సిపోతరు, మల్ల రఫీఖే అంటరు. గని నిన్న గా పెద్దసారు రియాదు నుంచి అచ్చిండు. నా బిల్ల సూసి పిలిచిండు. నోరు తిరుగలే గని, పేరే."

"పలికినావా అన్నా?" అంది ఆస్మా.

"మొదటిపారి పలుకలే మేడం. నన్నే అని తెల్వలే. మా అవ్వ పోయినంక నన్ను గట్ల పిల్సినోల్లు లేకుండె గద."

"రెండోసారి?"

"రెండోపారి తెల్సింది," అన్నాడు హన్మాండ్లు. "తెల్సినా పలుకలే. మల్ల పిలిపించుకున్న."